అత్త సొమ్ము అల్లుడు దానం

గత అక్టోబరులో నల్లగొండ జిల్లా డిండి జలాశయం దగ్గర 11 కిలోల వాలుగ చేపను గాలానికి పట్టి, తూకం వేసి, తిరిగి నీళ్లలో వదిలేశాను. కొంచెం దూరంలో పుట్టిలో, అంటే గుండ్రటి తెప్పలో కూర్చుని వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన వల పక్కన పెట్టి, “ఇంట్లో దూరిన దొంగను పట్టుకుని, అన్నం పెట్టి సాగనంపినట్టుంది నీ పని” అన్నాడు.

నేను ఊరుకోలేదు. పెద్ద చేప లెక్కలేనన్ని గుడ్లు పెడుతుందనీ, అది బతికితేనే చెరువు బతుకుతుందనీ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడే ఉపన్యాసం ఇచ్చాను. ఆయన వయసు అరవై అయిదు దాటి ఉంటుంది. ఆయనకు పుట్టి నడపడం వచ్చేనాటికి నేనింకా పుట్టనే లేదు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే. అంతా ఓపిగ్గా విని, “సరే, ఆ చేప ఎవరిది?” అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. “అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట” అంటూ పుట్టి తోసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకు అల్లుణ్ని, ఆయన నాకు మామ. మా ఇద్దరికీ చుట్టరికం కలిపింది ఆ సామెతే.

ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. గాలానికి పడిన పెద్ద వాలుగను తిరిగి నీటికి ఇచ్చేయాలనే ఇప్పటికీ అంటాను. కాకపోతే ఆ రోజు నేను ఏకరువు పెట్టిన కారణాల్లో సగం ఇప్పుడు నాకే చెల్లని నోట్లలా కనిపిస్తున్నాయి.

తూము పక్కన ఒక సాయంత్రం

నల్లగొండ నుంచి దేవరకొండ మీదుగా డిండికి నాకు రెండు గంటలు పడుతుంది. వాలుగ పగలంతా ఒడ్డు కింది గుంతల్లోనో, మునిగిన చెట్ల మొదళ్ల దగ్గరో పడుకుని పొద్దు వాలాక వేటకు బయలుదేరుతుంది. అందుకే నేను కూడా ఐదు దాటాకే గాలం వేస్తాను. ఆ రోజు ఎర ఆ నీళ్లలోనే దొరికిన తిలాపియా. దాన్ని రెండు ముక్కలు చేసి, తల వైపు ముక్కను గుచ్చాను. గాలానికి పైన జానెడు ఉక్కు తీగ తప్పదు, ఉత్త దారమైతే వాలుగ పళ్ల మధ్య ఒరుసుకుని తెగిపోతుంది. గాలం కొన లోపలికి వంగి దాదాపు సున్నాలా ఉండే రకం వాడతాను. చేప ఎర నోట పెట్టుకుని పక్కకు తిరిగినప్పుడు అది గొంతులో కాకుండా మూతి మూలలో దిగుతుంది. ఈ గాలంతో ఒకటే చిక్కు. ఎర కదలగానే రాడ్డును గుంజకూడదు, దారం దానంతట అది బిగుసుకునే దాకా ఆగాలి. చిన్నప్పుడు వెదురు కర్రతో, బెండు మునగగానే గుంజడం అలవాటైన చేతులు మాట వినవు. ఈ గాలానికి మారిన మొదటి ఏడాదిలో నేను పోగొట్టుకున్న చేపలన్నీ ఆ తొందర వల్ల పోయినవే.

రీలు కీచుమనలేదు. అవతల ఎవరో బావిలోంచి చేదతాడు లాక్కుంటున్నట్టు, దారం రాళ్ల మీది నుంచి నిదానంగా జరిగింది. నాలుగు గజాలు పోయాక ఆగింది. మళ్లీ కదిలింది. అప్పుడు రీలు బిగించి రాడ్డు ఎత్తాను. ఆ తరువాత నలభై గజాల దారం ఎలా పోయిందో నాకు సరిగా గుర్తు లేదు. ఆ ఒక్క పరుగు అయిపోయాక చేప అడుగుకు దిగి బండరాయిలా కూర్చుంది. వాలుగతో పోరాటంలో సగం ఈ కూర్చోవడమే. బొచ్చె చివరిదాకా పరుగులు తీస్తుంది. వాలుగ మొండికేస్తుంది. రాడ్డును ఒక పక్కకు వంచి, చేప తల తిప్పేలా లాగుతూ, వచ్చిన గజం దారాన్ని చుట్టుకుంటూ 20 నిమిషాల్లో ఒడ్డు దాకా తెచ్చాను.

దగ్గరికి వచ్చాక వాలుగను చూస్తే దేవుడు రెండు చేపలను అతికించాడేమో అనిపిస్తుంది. ముందు సగమంతా నోరు. మూతి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది. పై దవడ నుంచి రెండు పొడుగాటి మీసాలు ఒంటి వెంట పొట్ట దాకా వేలాడతాయి, కింద ఇంకో రెండు పొట్టివి. వెనక సగం రిబ్బను లాగా చదునుగా ఉండి, కింది రెక్క తోక దాకా సాగుతుంది. వీపు మీది రెక్క మాత్రం ఎవరో మరిచిపోయి ఆఖరి నిమిషంలో గుచ్చిన ఈకంత. ఒంటి మీద పొలుసు లేదు. నోట్లో వేలు పెట్టి చూశాను. పళ్లు విడివిడిగా తగలవు, పట్టీలు పట్టీలుగా గరుకు కాగితంలా తగులుతాయి, అన్నీ లోపలికి వాలి ఉంటాయి. లోపలికి పోయింది బయటికి రాదు. కళ్లు మాత్రం చింతగింజలంత. మన కవులు ఆడవారి కళ్లను బేడిస చేపలతో పోల్చి ఊరుకున్నారు కాబట్టి సరిపోయింది, వాలుగ దాకా వచ్చి ఉంటే కావ్యాలు ఇంకోలా ఉండేవి.

తడి గోనె సంచిలో పడుకోబెట్టి తూచాను. సంచి బరువు తీసేస్తే 11 కిలోల 200 గ్రాములు. నీళ్లలో పొట్ట కింద చేయి పెట్టి నిమిషం పాటు పట్టుకున్నాను. దవడలు మూడుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. తోక ఒక్కసారి ఊపి, నా చొక్కా అంతా బురద చేసి వెళ్లిపోయింది. మామ మాట వినబడింది ఆ బురద తుడుచుకుంటున్నప్పుడే.

దొంగ అన్న మాట

వాలుగను దొంగ అనడంలో మామ తప్పు లేదు. ఆయన మత్స్య సహకార సంఘం బతుకుతున్నది బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగల మీద. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇస్తోంది. పెద్ద జలాశయాలకు ఇచ్చే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే చూపుడు వేలంత. నేను వదిలిన వాలుగ నోట్లో నా పిడికిలి పడుతుంది. దానికి ఆ పిల్లలు పిడికెడు మరమరాలతో సమానం. చేపల చెరువులు పెంచేవాళ్లు పిల్లలు వదలడానికి ముందు ఇప్పపిండి చల్లి, ఉన్న చేపలన్నిటినీ చంపి మరీ నీళ్లు సిద్ధం చేసుకుంటారు. ఆ ‘ఉన్న చేపల’ జాబితాలో మొదటి పేరు వాలుగదే. డిండి లాంటి చోట ఇప్పపిండి చల్లడం కుదరదు కాబట్టి వల ఒక్కటే దిక్కు. అలా వలకు చిక్కాల్సినదాన్ని నేను గాలంతో పట్టి, ముద్దుగా వదిలాను. ఆయనకు మండదా మరి?

అయితే ఈ వాదంలో నాకు ఒక ముడి పడింది. కొర్రమీను ఏం తిని బతుకుతుంది? అదీ మాంసాహారే, చేపపిల్లలు, కప్పలు, దొరికినవన్నీ తింటుంది. దాన్ని మాత్రం 2016లో రాష్ట్ర చేపగా పెట్టుకున్నాం. బజారులో దాని ధర వాలుగ కన్నా ఎక్కువ. అది కూడా పిల్లలను తింటుంది కదా అని మామను అడిగితే, “తింటుంది, కానీ తిన్నదాని కన్నా ఎక్కువ తెచ్చిస్తుంది” అన్నాడు. అంటే నేరం తినడంలో లేదు. తిన్నంత ధర పలకకపోవడంలో ఉంది. ఈ లెక్కన చూస్తే చెరువులో మనుషులకే చోటుండదు.

రెండో సంగతి తిలాపియా. జిలేబీ చేప అని మనం పిలిచే ఈ ఆఫ్రికా చేపను 1952లో దేశానికి తెచ్చారు. ఇప్పుడు అది లేని చెరువు చూపించమంటే కష్టం. ఏడాదికి ఎన్నోసార్లు పిల్లలు పెడుతుంది. గుడ్లను తల్లి నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కాబట్టి వాటిలో చాలా భాగం బతికి బట్టకడతాయి. మేత కోసం మన చేపలతో పోటీ పడుతుంది. దానికి జలాశయంలో భయపడాల్సిన చేపలు రెండు మూడే, వాటిలో పెద్దది వాలుగ. నేను ఆ సాయంత్రం పట్టింది కూడా తిలాపియా ఎరతోనే. దొంగను పట్టడానికి కాపలా కుక్క కావాలంటాం. ఆ కుక్క ఒకటి రెండు కోళ్లను కూడా తింటుంది, నిజమే.

మామ దీనికి ఒప్పుకోలేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. పిల్లల నష్టం గురించి ఆయనే మరో సంగతి చెప్పాడు. లారీలో వచ్చిన ప్లాస్టిక్ సంచులను విప్పకుండా కాసేపు చెరువు నీళ్లలో తేలనివ్వాలి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాలి. లారీ మధ్యాహ్నం వస్తుంది, డ్రైవరుకు ఇంకో రెండు చెరువులు తిరగాల్సి ఉంటుంది, ఫొటో తీసేవాళ్లకు తొందర. సంచులు విప్పి గుమ్మరిస్తారు. “అట్లా పోయిన పిల్లలను ఏ వాలుగ తిన్నది?” అని ఆయనే అడిగాడు. నేను మాట్లాడలేదు. మన వాదం ఎదుటివారి నోట వచ్చినప్పుడు ఊరుకోవడమే మేలు.

దయ గురించి ఒక నిజం

ఆ రోజు ఇంటికి వట్టి చేతులతో వెళ్లాను. “పొద్దుటి నుంచి అంత దూరం పోయి చేపను పలకరించి వచ్చారా?” అని మా ఆవిడ అడిగింది. వదిలేశానని గొప్పగా చెప్పాను. “వదిలేసేదైతే దాని మూతికి ఆ కన్నం ఎందుకు?” అంది. మామ అడిగిన ప్రశ్న కన్నా ఇది ఇంకా లోతుకు దిగింది.

చేపకు నొప్పి తెలియదని చాలామంది గాలం వేసేవాళ్లు చెబుతారు. నేనూ చెప్పేవాణ్ని. 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు స్కాట్లండులో ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషాన్నీ, ఎసిటిక్ ఆమ్లాన్నీ ఎక్కించి చూశారు. ఆ చేపలు మేత మానేశాయి, పక్కలకు ఊగాయి, ఆమ్లం ఎక్కించినవి పెదవులను అడుగున ఉన్న గులకరాళ్లకేసి రుద్దుకున్నాయి. ఇది చదివాక ‘చేపకేం తెలుస్తుంది’ అనడానికి నాకు నోరు రాలేదు. స్విట్జర్లాండులో అయితే వదిలేయాలనే ఉద్దేశంతో చేపను పట్టడమే నిషేధం. తినడానికి పడితే ఒప్పు, ఆటకు పట్టి వదిలితే తప్పు. మామకు స్విట్జర్లాండు సంగతి చెప్పాను. “తెలివైనవాళ్లు” అన్నాడు.

అందుకని దయ అనే మాటను నేను వదులుకున్నాను. నేను గాలం వేసేది దారం బిగుసుకున్నప్పుడు ఒంట్లో కలిగే ఆ జలదరింపు కోసం. వదిలేయడం వల్ల అది పుణ్యకార్యం అయిపోదు. వదిలిన ప్రతి చేపా బతుకుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. రెండేళ్ల కిందట మే నెలలో, అదే డిండిలో, నీళ్లు బాగా అడుగంటిన రోజుల్లో ఆరు కిలోల వాలుగను పట్టాను. సన్న దారం వాడాను, చేపను అలసిపోయే దాకా ఆడించాను. తరువాత మిత్రుడు ఫొటో తీస్తుంటే మొప్పల కింద వేలు పెట్టి నిలువునా ఎత్తి పట్టుకున్నాను. ఆ బరువంతా మొప్పల మీదా వెన్ను మీదా పడుతుందని అప్పటికి తెలియదు. వదిలాను. ఈదుకుంటూనే పోయింది. రాత్రి అక్కడే ఉండి మర్నాడు పొద్దున చూస్తే తూము పక్కన వెల్లకిలా తేలుతోంది, దాని మీద ఒక గద్ద వాలి ఉంది. ఎండకు కాగిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. అలసిన చేప అందులో ఊపిరి కూడదీసుకోలేదు. ఆ ఫొటో ఇంకా నా ఫోనులో ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

ఆ తరువాత ఏప్రిల్ నుంచి కొత్త నీళ్లు వచ్చి సద్దుమణిగే దాకా వాలుగ కోసం గాలం వేయడం మానేశాను. దారం లావుది వాడుతున్నాను, పోరాటం తొందరగా ముగించడానికి. గాలం కొన దగ్గరి ఎదురు ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేస్తున్నాను. ఫొటో తీస్తే చేప నీళ్లలో ఉండగానే, చేతులు తడిగా ఉండగానే. గాలం గొంతులోకి దిగిపోతే లాగకుండా దారం కోసేసి వదలాలని అంటారు. నేను అలాంటి చేపను ఇంటికి తెచ్చుకుని వండుకుంటాను. బతకదని తెలిసినదాన్ని వదలడం నాకు నచ్చదు.

కారులో వచ్చినవాడి గాలం

ఇప్పుడు మామ ప్రశ్న. ఆ చేప ఎవరిది?

కాగితం మీద జవాబు ఉంది. మన దగ్గర చేపల వేటకు నిజాం కాలపు చట్టం, 1357 ఫస్లీ (1947-48) నాటిది, పేరు మార్చుకుంటూ ఇప్పటికీ నడుస్తోంది. చెరువుల్లో వేట హక్కు మత్స్య సహకార సంఘాలకు ఇస్తారు. సభ్యులు రుసుం కడతారు, వల వేస్తారు, పిల్లలను దింపుకుంటారు. నాలాంటివాడు ఈ లెక్కలో ఎక్కడా లేడు. నేను ఇన్నేళ్లూ ఎవరినీ అడగలేదు. ఎవరూ నన్ను ఆపలేదు. ఆపకపోవడాన్నే అనుమతి అనుకున్నాను.

ఎందుకు ఆపలేదో ఒక రోజు కళ్లారా చూశాను. ఇది డిండి కాదు, మా జిల్లాలోనే ఇంకో చెరువు, పేరు అనవసరం. నాకు యాభై గజాల అవతల ఇద్దరు పిల్లలు వెదురు కర్రలకు గాలాలు కట్టుకుని జెల్లలు పడుతున్నారు. పదేళ్లు, పన్నెండేళ్లు ఉంటాయి. డబ్బాలో వానపాములు, పక్కన మూత లేని సీసాలో ఐదారు చిన్న జెల్లలు. కాపలా మనిషి సైకిలు దిగి వచ్చి వాళ్లను తిట్టి, ఒక కర్రను మోకాలికేసి విరిచాడు. పిల్లలు సీసా వదిలేసి పరుగెత్తారు. ఆయన అదే నడకతో నా దగ్గరికి వచ్చాడు. రాడ్డు చూశాడు, రీలు చూశాడు, చెట్టు కింద ఆపిన కారు చూశాడు. “ఏమైనా పడ్డాయా సార్?” అని నవ్వుతూ అడిగాడు.

నా రాడ్డు, రీలు కలిపి మామ పుట్టి కన్నా ఎక్కువ ఖరీదు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. వారాంతాల్లో హైదరాబాదు నుంచి శ్రీశైలం దారిలో వచ్చేవాళ్లలో ఇంతకు మూడింతల సామాను తెచ్చేవాళ్లున్నారు. వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. చెత్త ఏరుకుని పోతారు, చేపను జాగ్రత్తగా వదులుతారు, స్థానికులు పెద్ద చేపలను చంపేస్తున్నారని బాధపడతారు. ఆ చివరి బాధ దగ్గరే నాకు గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. ఆదివారం సరదాకు వచ్చి చేపను వదిలినవాడు పర్యావరణ ప్రేమికుడు, సోమవారం పిల్లల ఫీజు కోసం అదే చేపను అమ్మినవాడు చెరువుకు శత్రువు. ఈ తీర్పు ఇచ్చింది ఎవరు? ఆదివారం వచ్చినవాడే.

డిసెంబరులో సంఘం పెద్దల దగ్గరికి వెళ్లాను. నాకు మామే దారి చూపించాడు. గాలం వేసిన రోజుకు ఇంత అని కడతానన్నాను. వాళ్లకు నవ్వొచ్చింది, అలాంటి రసీదు పుస్తకమే వాళ్ల దగ్గర లేదు. చివరికి చిన్న ఒప్పందం కుదిరింది. వచ్చిన రోజు చెప్పి వేయాలి. బొచ్చె, రవ్వ పడితే ధర కట్టి తీసుకోవాలి. వాలుగ సంగతి అప్పటికప్పుడు మాట్లాడుకోవాలి. ‘మాట్లాడుకోవాలి’ అన్న దగ్గర ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటి నుంచి నాలుగు వాలుగలు పట్టాను. రెండింటిని సంఘానికి ఇచ్చాను, రెండింటిని వాళ్లు చూస్తుండగా వదిలాను. ఇచ్చినవి చిన్నవి, వదిలినవి పెద్దవి. మామూలుగా జనం చేసేదానికి ఇది తలకిందులు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.

లారీలో రాని చేప

చిన్నవి ఇచ్చి పెద్దవి ఎందుకు వదలాలి? మామతో సహా అందరూ దీన్ని పిచ్చి అంటారు. చిన్నదాన్ని పెరగనివ్వాలి, పెద్దదాన్ని కోసుకోవాలి, కోళ్లకైనా మేకలకైనా అంతే కదా. చేపల్లో లెక్క వేరు. 2018లో సైన్స్ పత్రికలో సముద్రపు చేపల మీద వచ్చిన ఒక అధ్యయనంలో కాడ్ చేప ఉదాహరణ ఉంది. రెండేసి కిలోల ఆడ చేపలు 28 కలిసి పెట్టే గుడ్ల కన్నా 30 కిలోల ఒక్క ఆడ చేప పెట్టే గుడ్లు ఎక్కువ. తూకం వేస్తే ఆ 28 చేపలు 56 కిలోలు. సముద్రపు చేప లెక్కను డిండికి అచ్చంగా అతికించను కానీ, పెద్ద ఆడ వాలుగ పొట్ట కోసినప్పుడు కనిపించే గుడ్ల తిత్తి ఎంతుంటుందో చేపల బజారులో నిలబడిన ఎవరికైనా తెలుసు.

పైగా మన తినడానికీ అది గుడ్లు పెట్టడానికీ ముహూర్తం ఒక్కటే. మృగశిర కార్తె రోజు చేప తినని ఇల్లు మా వైపు తక్కువ. తినాల్సిందే, నేనూ తింటాను. ఆ వారంలో తొలకరి పడి, వాగులు కదిలి, కొత్త నీళ్లు జలాశయంలోకి దిగగానే వాలుగ గుడ్ల బరువుతో ఎదురెక్కడానికి సిద్ధమవుతుంది. వాగు నోటి దగ్గర వల కడితే చాలు, తల్లి చేపలన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. కార్తె రోజు బొచ్చె పులుసు పెట్టుకుంటే కార్తె ఏమీ అలగదు.

మామతో నేను ఎన్ని వాదాలు చేసినా ఆయన్ని కాసేపు ఆపింది ఒకే ఒక్క మాట. బొచ్చె అయిపోతే లారీ వస్తుంది. వాలుగ అయిపోతే ఏ లారీ రాదు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో డిండి అడుగు కనిపిస్తుంది, గుంతల్లో మిగిలినవి కూడా చేతులతో ఏరేస్తారు. మళ్లీ నిండిన ఏడాది సంచుల్లో బొచ్చె పిల్లలు దిగుతాయి, వాలుగ పిల్లలను తెచ్చి పోసే పథకం లేదు. అది ఎక్కడో మిగిలిన నాలుగు తల్లుల నుంచే రావాలి. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తన ఎర్ర జాబితాలో వాలుగను ముప్పున్న జాతుల్లో చేర్చింది. ఈ సంగతి చెబితే మామ, “మా చిన్నప్పుడు మనిషంత వాలుగలు పడేవి” అన్నాడు. ముసలివాళ్లందరూ చేపల గురించి చెప్పే మాటే. అయినా ఆయన చెయ్యి ఎత్తి చూపించిన ఎత్తు మరీ అసాధ్యమైనదేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం నేనూ మామా మొదటి రోజు నుంచీ ఒకే జట్టు. ఫిబ్రవరిలో కట్ట దగ్గర ఒక కుర్రవాడు మూడు కిలోల మీసాల చేపను పట్టి, ఫొటో దిగి, ఎంతో భక్తిగా నీళ్లలో వదలబోయాడు. మామ పుట్టిలోంచి అరిచాడు, నేను ఒడ్డు నుంచి అరిచాను. అది వాలుగ కాదు, ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దీనికి మీసాలు నాలుగు జతలు, తల బల్లపరుపుగా ఎముకలా గట్టిగా ఉంటుంది, వీపు మీది రెక్క మెడ నుంచి తోక దాకా సాగుతుంది. నేరుగా గాలి పీల్చుకోగలదు కాబట్టి బురదలో కూడా చావదు. దీని పెంపకాన్ని దేశంలో 2000లోనే నిషేధించారు. అయినా కోళ్ల వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు, వరద వచ్చినప్పుడు గట్టు తెగి అవి చెరువుల్లోకి చేరుతున్నాయి. మన చెరువుల్లోని ‘మార్పు’ అనే చేపకు ఇది దాయాది, కాకపోతే దాయాదిలాగే ఆస్తంతా తినేసే రకం. ఆ కుర్రవాడు తెల్లబోయాడు. “వదలమంటారు, వదిలితే తిడతారు” అన్నాడు. అతనిది నిజాయితీ గల చిరాకు. వదలడం ఒక మంత్రంలా నేర్చుకున్నాడు, ఏ చేపకు చదవాలో ఎవరూ చెప్పలేదు. ఆ చేపను కట్ట మీది దుకాణంవాడు కూడా వద్దన్నాడు. చివరికి మామే గొయ్యి తీసి పూడ్చాడు.

మొన్న మృగశిర కార్తెకు రెండు రోజుల ముందు పొద్దున్నే మామ ఫోను చేశాడు.

“అల్లుడూ, వలలో వాలుగ పడింది. తొమ్మిది కిలోలు తూగుతుంది. పొట్ట చూస్తే గుడ్లతోనే ఉంది. ఏమంటావు?”

“ధర ఎంత పలుకుతుంది మామా?”

“కార్తె కదా. కిలో 400కు తగ్గదు.”

“3,600 ఇప్పుడే పంపిస్తాను. వదిలేయండి.”

అవతల కాసేపు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. “నువ్వు డబ్బు కడితే అది నీ చేప అవుతుంది. నీ చేప మా చెరువులో ఉంటే, అది తినే పిల్లల లెక్క ఎవరు కట్టాలి?” అన్నాడు. నవ్వుతున్నాడో లేదో తెలియలేదు. నేను జవాబు వెతుక్కునేలోపు ఫోను పెట్టేశాడు. డబ్బు పంపించాను.

తరువాతి ఆదివారం డిండికి వెళ్లాను. చేప ఏమైందని అడిగాను. మామ బీడీ వెలిగించుకుని జలాశయం వైపు గడ్డంతో చూపించాడు.

“అందులోనే ఉంది. గాలం తెచ్చావుగా, వెతుక్కో.”

తేలేదని చెప్పాను. ఈ కాలంలో వేయనని కూడా చెప్పాను.

“అయితే పుట్టి ఎక్కు” అన్నాడు. “ఇవాళ వల లాగడానికి ఒక మనిషి తక్కువయ్యాడు.”